ఆ సీటు నీదే, బుజ్జీ

ఫ్రీమాంట్
అక్టోబర్ నెల

బుజ్జీ,

ఆదివారం ఫోన్లో నువ్వన్న మాట ఇంకా నా చెవిలోనే ఉంది. "అందరూ రెండేళ్ళ నుంచి ఒకళ్ళకొకళ్ళు తెలుసమ్మా, నేనే ఆఖర్న వచ్చి ఖాళీగా ఉన్న కుర్చీలో కూర్చున్నట్టుంది" అన్నావు. అప్పటికేదో సర్దిచెప్పాను. అది చాలదనిపించి కూర్చుని రాస్తున్నాను. మనబడిలో నేర్చుకున్న తెలుగు ఉందిగా, నిదానంగా చదువుకో.

ముందు ఆ కుర్చీ సంగతి. డి ఆన్జా కమ్యూనిటీ కాలేజీలో రెండేళ్ళు చదివి బర్క్‌లీ యూనివర్సిటీకి రావడం దొడ్డిదారి అని నీకు లోపలెక్కడో అనిపిస్తోంది. కాదు. 1960లో కాలిఫోర్నియా ఉన్నత విద్యకు మాస్టర్ ప్లాన్ అని ఒకటి రాసుకుంది. హైస్కూల్ పూర్తిచేసిన వాళ్ళలో పై ఎనిమిదో వంతుకు యూసీలు, అంటే మీ బర్క్‌లీ లాంటి యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా క్యాంపస్‌లు, పై మూడో వంతుకు స్టేట్ కాలేజీలు, చదువుకుంటానన్న ప్రతివాళ్ళకీ కమ్యూనిటీ కాలేజీలు అన్నారు. అంతటితో ఆగి ఉంటే అది మెట్లు లేని మేడే. అందుకే కమ్యూనిటీ కాలేజీలో బాగా చదివినవాళ్ళు మూడో ఏడాదికి యూసీలోకి రావాలనీ, వాళ్ళకి చోటుండేలా యూసీలో మొదటి రెండేళ్ళ పిల్లలు 40 శాతం, చివరి రెండేళ్ళ వాళ్ళు 60 శాతం ఉండాలనీ అందులోనే పెట్టారు. అర్థమైందా? ఎవరో వద్దంటే మిగిలిన సీటు కాదు నీది. నీలాంటి వాళ్ళు వస్తారని, నువ్వు పుట్టక చాలాముందే, నాన్నా నేనూ ఈ దేశం పేరు కూడా వినకముందే, లెక్కవేసి ఉంచిన సీటు అది.

ఇంకో మాట. డి ఆన్జాలో యూనిట్‌కి 31 డాలర్లు కట్టి చదివావు. సాయంత్రాలు బోబా షాపులో నిలబడి పనిచేస్తూ, రాత్రి వచ్చి కాల్క్యులస్ లెక్కలు చేసేదానివి. మన ఇంటిమీద ఒక్క డాలర్ స్టూడెంట్ లోన్ పడకుండా రెండేళ్ళ చదువు పూర్తిచేశావు. ఎకౌంట్స్ రాసి బతికేదాన్ని, నాకు ఆ అంకె విలువ తెలుసు. నీ క్లాసులో ఎవరైనా ఎక్కడినుంచి వచ్చావని అడిగితే డి ఆన్జా అని గట్టిగా చెప్పు. గొంతు తగ్గించకు.

నువ్విప్పుడు చదివే హాస్ బిజినెస్ స్కూలు ఎలా పుట్టిందో నీకు ఓరియంటేషన్‌లో చెప్పే ఉంటారు. 1898లో కోరా జేన్ ఫ్లడ్ అనే ఆవిడ యూనివర్సిటీకి ఆస్తి రాసిచ్చి, దాని మీద వచ్చేది వాణిజ్యం చదువుకి వాడమంది. ఇంకా ఆడవాళ్ళకి ఓటు కూడా లేని కాలంలో! ప్రభుత్వ యూనివర్సిటీలో పెట్టిన మొదటి బిజినెస్ స్కూలు అదే. హాస్ అన్న పేరు చాలా తర్వాత, 1989లో వచ్చింది. ఆ మెట్లెక్కి క్లాసుకి వెళ్ళేటప్పుడు ఆవిణ్ణి ఒకసారి తలుచుకో. నాకైతే తలుచుకుంటేనే ఒళ్ళు పులకరిస్తుంది.

ఇక మిడ్‌టర్మ్. ఫైనాన్షియల్ ఎకౌంటింగ్‌లో 71 వచ్చిందని రాత్రంతా నిద్రపోలేదన్నావు. కర్వ్ మీద, అంటే మిగతావాళ్ళ మార్కులతో పోల్చి, గ్రేడ్ ఇచ్చే క్లాసులో క్లాసు సగటు తెలియకుండా ఆ 71కి అర్థమే లేదు. ముందు సగటు ఎంతో కనుక్కో. టెన్షన్ పడాలో వద్దో ఆ తర్వాత చూద్దాం.

నువ్వు తప్పుచేసిన ప్రశ్న ఫోటో పంపావుగా, అది చూశాను. అది మా ఆఫీసులో ప్రతి నెలాఖర్లో నేను చేసే పనే. ఒక కస్టమర్ అక్టోబర్ 1న ఏడాది ఏసీ సర్వీసు కాంట్రాక్టుకి 1,200 డాలర్లు కట్టాడనుకో. డబ్బు మన బ్యాంకులో పడింది. నువ్వు మొత్తం 1,200 ఆదాయంలో వేసేశావు. కానీ మనమింకా ఆయనింటికి వెళ్ళి ఒక్క ఫిల్టరైనా మార్చలేదు కదా! పని చెయ్యకుండా చేతికొచ్చిన డబ్బు మనం అతనికి పడ్డ బాకీ. కాబట్టి క్యాష్ డెబిట్ 1,200, అన్‌ఎర్న్‌డ్ రెవెన్యూ, అంటే ఇంకా సంపాదించని ఆదాయం, క్రెడిట్ 1,200. నెల గడిచేకొద్దీ వంద డాలర్ల చొప్పున బాకీలోంచి తీసి ఆదాయంలోకి వెయ్యాలి. డిసెంబర్ 31కి ఆదాయం 300, బాకీ 900. నువ్వు ఈ సూత్రాన్ని పుస్తకంలో చదివావు, సంతకం పెట్టిన కాంట్రాక్టు చేత్తో పట్టుకుని చూడలేదు, అంతే తేడా. థాంక్స్‌గివింగ్‌కి వచ్చినప్పుడు పేర్లు తీసేసి మా ఎంట్రీలు కొన్ని చూపిస్తాను. ఒక గంట కూర్చుంటే ఇక జన్మలో మర్చిపోవు.

నీకు రాక కాదు బుజ్జీ, నడక మారింది. డి ఆన్జాలో 12 వారాల క్వార్టర్, బర్క్‌లీలో 15 వారాల సెమిస్టర్. చూడ్డానికి టైమ్ ఎక్కువున్నట్టే ఉంటుంది గానీ, చదవాల్సిన పేజీలు, గ్రూప్ ప్రాజెక్టులు, మిడ్‌టర్మ్‌లు అన్నీ ఒకేసారి మీదపడతాయి. కాలేజీ మారిన మొదటి టర్మ్‌లో గ్రేడ్లు పడటం ఎంత మామూలంటే, పరిశోధకులు 1965లోనే దానికి ట్రాన్స్‌ఫర్ షాక్ అని పేరు పెట్టారు. చాలామందికి తర్వాతి టర్మ్‌లలో మళ్ళీ లేస్తాయి. ఇది నీ ఒక్కదానికే వచ్చిన కష్టమనుకుని గదిలో తలుపేసుకుని ఏడవకు.

క్లబ్బుల గురించి నేను నీతో ఏకీభవిస్తున్నాను, అది బాధపడాల్సిన విషయమే. కన్సల్టింగ్ క్లబ్బులో చేరడానికి కాఫీ చాట్‌లు, రెండు రౌండ్ల ఇంటర్వ్యూలు, చివరికి వద్దంటూ రెండు లైన్ల ఈమెయిల్. నేర్చుకోడానికి వచ్చిన పిల్లని ముందే నేర్చుకుని రమ్మనడం నాకు నచ్చలేదు. అయినా క్లబ్బు వద్దన్నంత మాత్రాన స్కూలు వద్దన్నట్టు కాదు. నిన్ను స్కూలు తీసుకుంది. క్లబ్బులో ఉన్నది నీ తోటి పిల్లలు, వాళ్ళకీ ఇరవై ఏళ్ళే.

ఇంటర్న్‌షిప్పుల విషయమూ అంతే. పెద్ద బ్యాంకులు ఏడాదికి పైగా ముందే పిల్లల్ని ఎంచుకోవడం మొదలుపెడతాయి. ఆగస్టులో క్యాంపస్‌లో అడుగుపెట్టిన ట్రాన్స్‌ఫర్ స్టూడెంట్‌కి ఆ తలుపు సగం మూసుకుపోయే కనిపిస్తుంది. అది క్యాలెండర్ చేసిన అన్యాయం, నీ లోపం కాదు. ఎకౌంటింగ్ ఫర్మ్‌లు వేరే రకంగా నడుస్తాయి. క్యాంపస్‌కి వచ్చి మాట్లాడతాయి, టాక్స్ సీజన్‌లో పని ఎక్కువ కాబట్టి జనవరి నుంచి ఇంటర్న్‌లనీ తీసుకుంటాయి. వాటివైపు కూడా చూడు. ఇంకోటి, వీటా అని ఐఆర్‌ఎస్ వాళ్ళ, అంటే ఇక్కడి ఇన్‌కమ్ టాక్స్ శాఖ వాళ్ళ, కార్యక్రమం ఉంది. తక్కువ ఆదాయమున్న వాళ్ళకి వాలంటీర్లు ఉచితంగా టాక్స్ రిటర్నులు చేసిపెడతారు. శిక్షణ వాళ్ళే ఇస్తారు. బోబా షాపులో నీతో పనిచేసినలాంటి వాళ్ళు నీ ఎదురుగా డబ్ల్యూ-2, అంటే ఏడాది జీతం కాగితం, పట్టుకుని కూర్చుంటారు. రెజ్యూమెలో బాగుంటుందని చెప్పడం లేదు. ఎదుటి మనిషి డబ్బు గురించి బాధ్యతగా మాట్లాడటం అక్కడ వచ్చినంత బాగా క్లబ్బులో రాదని నా నమ్మకం.

ఈ వారం నా కోసం ఒక్క పని చెయ్యి. సందేహాలు అడగడానికి టీచర్లు కేటాయించే ఆఫీస్ అవర్స్‌కి వెళ్ళు. పాఠం చెప్పడంలో సాయపడే గ్రాడ్యుయేట్ స్టూడెంట్, అదే జీఎస్‌ఐ దగ్గరికైనా సరే, ప్రొఫెసర్ దగ్గరికైనా సరే. ఆ మిడ్‌టర్మ్ పేపర్ తీసుకెళ్ళి, "ఈ ప్రశ్నలో నా ఆలోచన ఎక్కడ తప్పింది?" అని అడుగు. మీ స్కూలు నాలుగు సూత్రాల్లో స్టూడెంట్స్ ఆల్వేస్, అంటే ఎప్పటికీ విద్యార్థులమే అన్నది ఒకటి కదా, అడగడానికి మొహమాటమెందుకు? మనిళ్ళల్లో టీచర్‌ని ప్రశ్న అడిగితే ఎదిరించినట్టనుకుంటాం. అక్కడ అడగకపోతే నీకు అన్నీ వచ్చనుకుని వదిలేస్తారు. పక్కన ఇంకో ట్రాన్స్‌ఫర్ పిల్ల కూర్చుంటుందన్నావు, లాంగ్ బీచ్ అమ్మాయి. ఆ పిల్లనీ తీసుకెళ్ళు. ఇద్దరూ కలిసి చదువుకోండి. నీకు రెండేళ్ళ పాత స్నేహితులు లేరు సరే, వచ్చే రెండేళ్ళ స్నేహం ఇలాగే మొదలవుతుంది.

తిండి మానెయ్యకు. డైనింగ్ హాల్ అన్నం నచ్చకపోతే ఆ చిన్న రైస్ కుక్కర్ నాన్న తెచ్చిపెడతారు, కానీ ముందు మీ బిల్డింగ్‌లో పెట్టుకోనిస్తారో లేదో కనుక్కో. గోంగూర పచ్చడి, కందిపొడి కట్టి ఉంచాను. శుక్రవారం క్లాసు అయ్యాక డౌన్‌టౌన్ బర్క్‌లీలో ఆరెంజ్ లైన్ ఎక్కితే రైలు మారకుండా ఫ్రీమాంట్ వస్తావు. స్టేషన్‌కి నేనొస్తాను. మురికిబట్టలు కూడా తెచ్చెయ్.

క్లాసు సగటు తెలియగానే మెసేజ్ పెట్టు.

ప్రేమతో,
అమ్మ