మార్సీ యాత్రకు స్లెడ్ విషయం

సభ్యులందరికీ నమస్కారం. న్యూయార్క్ రాష్ట్రంలోని అడిరాండాక్ పర్వతాల్లో 5,344 అడుగుల మౌంట్ మార్సీకి చలికాలంలో వెళ్లేటప్పుడు స్లెడ్ (మంచుపై జారుతూ లాగే, చక్రాలు లేని బండి) తెచ్చుకోవచ్చా అని కొందరు అడిగినందున ఈ వివరాలు రాస్తున్నాను.

బయలుదేరే చోటు నుంచి మార్సీ డ్యామ్ వరకు రెండు మైళ్లకు పైబడిన దారిలో పెద్ద ఎక్కుడు లేదు కాబట్టి, రాత్రి బసకు కావలసిన గుడారం, స్లీపింగ్ బ్యాగులు, స్టవ్ వంటి బరువును వీపున మోయడం కంటే స్లెడ్‌పై లాగడం తేలిక. ఆపైన దారి నిటారుగా మారుతుంది గనుక స్లెడ్‌ను బసలోనే వదిలి, చిన్న బ్యాగుతో శిఖరానికి వెళ్లడం మేలు.

పిల్లలు ఆడుకునే ప్లాస్టిక్ స్లెడ్ చాలు. ఖరీదైనది అనవసరమని నా అభిప్రాయం. అయితే ఒట్టి తాడుతో లాగితే దిగుడులో అది వెనుక నుంచి దూసుకొచ్చి పిక్కలకు తగులుతుంది. తాడును రెండు పీవీసీ గొట్టాల గుండా దూర్చి, ఆ గొట్టాలను ఇంటూ గుర్తులా ఒకదానిపై ఒకటి అడ్డంగా ఉంచి, చివరలను బ్యాగు నడుము పట్టీకి తగిలిస్తే స్లెడ్ దూరంగానే ఉంటుంది, మలుపుల్లోనూ మాట వింటుంది. బరువైన సామాను అడుగున సర్ది, పైన టార్పాలిన్ కప్పి బిగించి కట్టాలి.

తిరుగు దారిలో దానిపై కూర్చుని జారాలన్న సరదా (అందరికీ ఉంటుంది) దయచేసి మానుకోండి. ఎదురుగా మనుషులు వస్తుంటారు, స్లెడ్‌కు బ్రేకు ఉండదు. మంచు 8 అంగుళాలు దాటితే అక్కడ స్నోషూలు (మంచులో కాళ్లు దిగబడకుండా బూట్లకు తగిలించుకునే వెడల్పాటి చట్రాలు) లేదా స్కీలు (మంచుపై జారడానికి వాడే పొడవాటి పలకలు) వేసుకోవాలన్నది నిబంధన కనుక, స్లెడ్ ఉన్నా అవి తప్పనిసరి.