‘అన్ని కెమెరాలకూ సరిపోతుంది’ అని అమ్మిన ఫ్లాష్ గురించి ఫిర్యాదు

రాజోలు,
డా. బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా.

ఫిర్యాదుల పరిష్కార అధికారి గారికి,

విషయం: మీ వెబ్‌సైటులో కొన్న ఎక్స్‌టర్నల్ ఫ్లాష్ సొమ్ము వాపసు గురించి, ఆ వస్తువు పేజీలోని వివరాలు సరిదిద్దడం గురించి.

ఆర్యా,

నేను రాజోలులో చిన్న ఫోటో స్టూడియో నడుపుకుంటూ, పెళ్లిళ్లు, ఓణీల ఫంక్షన్లు, సీమంతాల మీద బతుకుతున్నవాణ్ణి. మాఘమాసం ముహూర్తాలు మొదలవకముందే మీ వెబ్‌సైటు నుంచి నాలుగు వేల పైచిలుకు రూపాయలకు ఒక మాన్యువల్ ఫ్లాష్ తెప్పించుకున్నాను. అది నా ప్రధాన కెమెరా మీద అసలు వెలగడం లేదు. పాత కెమెరా మీద వెలుగుతోంది గానీ, మీరు చెప్పినట్టు వెలగడం లేదు. వాపసు అడిగితే డబ్బా తెరిచారు కనుక కుదరదని మీ కస్టమర్ కేర్ వారు చేతులు దులుపుకున్నారు.

నేను తొందరపడి కొన్న వస్తువు కాదిది. కెమెరా కంపెనీల సొంత ఫ్లాష్‌లు నా స్తోమతకు మించినవి. సెకండ్ హ్యాండ్‌లో ఒక పాతకాలపు ఫ్లాష్ చౌకగా వచ్చింది గానీ, వెనకటి ఫ్లాష్‌లలో కొన్నింటికి ట్రిగ్గర్ వోల్టేజీ (కెమెరాకు తగిలే కాంటాక్టు వద్ద ఉండే వోల్టేజీ) రెండు వందలు దాటి ఉంటుందనీ, దానితో డిజిటల్ కెమెరా లోపలి సర్క్యూట్ పాడయ్యే ప్రమాదం ఉందనీ తెలిసి దాని జోలికి పోలేదు. మండపంలో పెళ్లికొడుకు, పెళ్లికూతురు ఒకచోటే కూర్చుంటారు కాబట్టి టీటీఎల్ (కెమెరాయే వెలుగు కొలిచి ఫ్లాష్ పవర్ నిర్ణయించే పద్ధతి) లేకపోయినా పవర్ చేత్తో పెట్టుకోవచ్చని నిర్ణయించుకున్నాక, ఇక నేను చూడవలసినవి మూడే మిగిలాయి. మీ పేజీలో ఆ మూడింటికీ ఘనమైన జవాబులే ఉన్నాయి: అన్ని డీఎస్‌ఎల్‌ఆర్ కెమెరాలకూ సరిపోతుంది, గైడ్ నంబర్ (ఫ్లాష్ బలాన్ని చెప్పే అంకె) 60, రీసైకిల్ సమయం (ఒకసారి వెలిగాక మళ్లీ సిద్ధమవడానికి పట్టేది) 3 సెకన్లు.

మొదటి మాట అబద్ధం. నా ప్రధాన కెమెరా కెనాన్ 200డీ మార్క్ 2. 2019లో వచ్చిన ఈ మోడల్ హాట్ షూలో, అంటే పైన ఫ్లాష్ తగిలించే గాడిలో, మధ్యన ఉండే పిన్ను లేదు. కెనాన్‌కు తగినట్టు చేసిన ఫ్లాష్‌లు పక్కనున్న చిన్న కాంటాక్టుల ద్వారా సంకేతం అందుకుని వెలుగుతాయి. మీ ఫ్లాష్ పాదానికి ఉన్నది మధ్యలో ఒకే ఒక్క కాంటాక్టు. దానికి తగలవలసిన పిన్ను అవతల లేనప్పుడు ఫ్లాష్ మంచిదైనా, కెమెరా మంచిదైనా వెలుగు రాదు. మీ ప్రతినిధి ఫోనులో కెమెరాను సర్వీస్ సెంటరులో చూపించుకొమ్మన్నారు. కెమెరాలో లోపమేమీ లేదు, దాని తయారీయే అంత. ఒకే కాంటాక్టు ఉన్న ఫ్లాష్‌లు అమ్మే కంపెనీకి 2019 నుంచి మార్కెట్లో ఉన్న ఈ సంగతి తెలియదంటే నమ్మడం కష్టం. తెలిసి రాయలేదంటే అది ఇంకా పెద్ద తప్పు.

ఇక గైడ్ నంబర్. ఐఎస్‌ఓ (కెమెరా వెలుగును పట్టుకునే సున్నితత్వం) 100 వద్ద ఈ అంకెను లెన్సు ఎపర్చరు (లెన్సు రంధ్రం ఎంత తెరిచామో చెప్పే ఎఫ్ అంకె)తో భాగిస్తే వెలుగు ఎన్ని మీటర్ల దాకా సరిపోతుందో వస్తుంది. అయితే ఫ్లాష్ తలను 200 మి.మీ.కు జూమ్ చేసి వెలుగంతా సన్నటి కట్టగా పంపినప్పుడు వచ్చే అంకె వేరు, గుంపు మొత్తం మీద పడేలా 35 మి.మీ. వద్ద పరిచినప్పుడు వచ్చే అంకె వేరు. కెనాన్ 600ఈఎక్స్ ఫ్లాష్ పుస్తకంలో ప్రతి జూమ్ స్థానానికీ విడిగా అంకె ఇచ్చారు: 200 వద్ద 60 ఉన్నది 35 దగ్గరికి వచ్చేసరికి 36 అయింది. మీ డబ్బా మీద 60 అన్న అంకె ఒక్కటే పెద్ద అక్షరాలలో ఉంది. అది ఏ జూమ్ వద్ద అన్నది డబ్బా మీద లేదు, లోపలి కాగితంలో లేదు, వెబ్‌సైటులోనూ లేదు.

మండపం మీద పాతికమంది బంధువులను నిలబెట్టి ఎఫ్/8లో గ్రూప్ ఫోటో తీసేవాడికి ఈ తేడా చిన్నది కాదు. 60ని నమ్మితే ఏడున్నర మీటర్లు, అసలు అంకె 36 అయితే నాలుగున్నర మీటర్లు. వెనక వరుసలో నిలబడిన మేనమామలు చీకట్లో కలిసిపోతారు. ఐఎస్‌ఓ 400కు పెంచితే దూరం రెట్టింపవుతుంది కదా అని మీ ప్రతినిధి సలహా ఇచ్చారు. ఆ లెక్క నాకూ తెలుసు. ఐఎస్‌ఓ పెంచడం ఏ కంపెనీ ఫ్లాష్‌కైనా కుదిరే పనే కనుక, మీ ఫ్లాష్‌ను ఎంచుకోవడానికి అది కారణం కాజాలదు. సీలింగ్‌కు బౌన్స్ చేసుకొమ్మని, అంటే వెలుగును పైకి కొట్టి కిందికి తిప్పుకొమ్మని కూడా అన్నారు. మా కోనసీమలో పెళ్లిళ్లు ఇప్పటికీ చాలావరకు ఇంటి ముందు కొబ్బరాకు పందిట్లోనో, షామియానా కిందనో జరుగుతాయి. ఆకుల మీద పడ్డ వెలుగు తిరిగి రాదు. గులాబీరంగు గుడ్డ కట్టిన పైకప్పుకు బౌన్స్ చేస్తే పెళ్లికూతురి ముఖమూ, పట్టుచీర జరీ కూడా గులాబీరంగుకు తిరుగుతాయి. తెల్లటి సీలింగు ఉన్న ఏసీ హాళ్లలో మాత్రమే పని జరిగే ఊళ్లను దృష్టిలో పెట్టుకుని ఇచ్చిన సలహా అది.

రీసైకిల్ సమయం వల్ల జరిగిన నష్టాన్ని వివరంగా చెప్పాలి. ప్రధాన కెమెరా పనికిరాకపోవడంతో, మధ్య పిన్ను ఉన్న నా పాత కెమెరాకు ఈ ఫ్లాష్ తగిలించుకుని ఒక రాత్రి ముహూర్తపు పెళ్లికి వెళ్లాను. కొత్త ఆల్కలైన్ పెన్సిల్ సెల్స్ నాలుగూ వేశాను. అడ్డుతెర ఉండగా జీలకర్ర బెల్లం పెట్టేటప్పుడు ఇబ్బంది లేదు. మాంగల్యధారణలో మొదటి ముడికి ఫ్లాష్ వెలిగింది. రెండో ముడి వేసేసరికి ఫ్లాష్ సిద్ధమైందని చూపే వెనక ఎర్రదీపం ఇంకా వెలగలేదు. ఫ్రేములో పెళ్లికొడుకు చేతులు నల్లటి నీడలుగా పడ్డాయి. మూడో ముడికి వెలిగింది గానీ అప్పటికే అక్షింతలు మీద పడుతున్నాయి. మర్నాడు స్టూడియోలో ఫుల్ పవర్ వద్ద గడియారం పెట్టి చూస్తే ఒక్కొక్క వెలుగుకు మధ్య ఆరేడు సెకన్లు పట్టింది. రీచార్జబుల్ నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్స్ వేస్తే అది బాగా తగ్గింది. ఆల్కలైన్ సెల్స్‌కు లోపలి నిరోధం ఎక్కువ కాబట్టి ఫ్లాష్‌కు కావలసిన విద్యుత్తును నిల్వ చేసే కెపాసిటర్ నెమ్మదిగా నిండుతుంది, ఇందులో వింతేమీ లేదు. ఏ సెల్స్‌తో, ఎంత పవర్ వద్ద ఆ 3 సెకన్లు అన్నది మీరు రాసి ఉంటే నేను ముందే ఆ సెల్స్ కొనుక్కునేవాణ్ణి. ఇంకోసారి ముడి వేయండని ఏ పెళ్లికొడుకునూ అడగలేం.

ఖరీదైన ఫ్లాష్ కొనేవారికి షాపులో పెట్టి చూసుకునే అవకాశం ఉంటుంది. తక్కువ ధరలో కొనేవాడికి మీ పేజీ, మీ డబ్బా తప్ప వేరే ఆధారం లేదు. ధర తక్కువ కాబట్టి పవర్ తక్కువ ఉంటే నాకు అభ్యంతరం లేదు. ఎంత తక్కువో చెప్పకపోవడమే నా అభ్యంతరం.

కాబట్టి ఫ్లాష్ వెనక్కి తీసుకుని, పూర్తి సొమ్మునూ పంపే ఖర్చునూ చెల్లించవలసిందిగా కోరుతున్నాను. దానితోపాటు గైడ్ నంబర్ పక్కన జూమ్, ఐఎస్‌ఓలనూ, రీసైకిల్ సమయం పక్కన సెల్స్ రకాన్నీ, మధ్య పిన్ను లేని కెమెరాలకు ఈ ఫ్లాష్ పనిచేయదన్న మాటనూ మీ పేజీలో చేర్చండి. నా మొదటి ఫిర్యాదుకు మీ నుంచి అందినట్టు కూడా జవాబు రాలేదు. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలియజేసి, నెల రోజుల్లోగా పరిష్కరించవలసిన బాధ్యత మీ మీద ఉంది. వృత్తి కోసం కొన్నాను కనుక నేను వినియోగదారుణ్ణి కానని మీ ప్రతినిధి అన్నారు. స్వయం ఉపాధితో జీవనం సాగించడానికి కొన్న వస్తువు విషయంలో 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఆ మినహాయింపు ఇవ్వదు. ఆ నెల గడువు దాటితే జాతీయ వినియోగదారుల 1915 హెల్ప్‌లైనులో నమోదు చేసి, నేను నివసించే చోటి నుంచే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళతాను.

బిల్లు నకలు, డబ్బా ఫోటోలు, కెమెరా హాట్ షూ దగ్గరగా తీసిన ఫోటో, రెండో ముడి నాటి నల్లటి ఫ్రేము ఈ లేఖకు జతచేశాను.

ఇట్లు,
భవదీయుడు,
స్టూడియో యజమాని, రాజోలు.