మెషిన్ గురించి రాశారు, టార్చ్ గురించి కూడా రాయండి

సంపాదకులకు నమస్కారం.

మీ పత్రిక ఉపాధి పేజీలో టిగ్ వెల్డింగ్ మీద వచ్చిన వ్యాసం చదివాను. టిగ్ అంటే కరగని టంగ్‌స్టన్ రాడ్ కొస నుంచి ఆర్క్ (కరెంటు మంట) కొట్టి, గాలి తగలకుండా ఆర్గాన్ వాయువు కప్పుతూ లోహాన్ని అతకడం. మెషిన్ ఎన్ని ఆంప్స్‌ది తీసుకోవాలి, ఆర్గాన్ ఎందుకు వాడాలి, కళ్ళకు ఎలాంటి అద్దం పెట్టుకోవాలి, అన్నీ ఓపిగ్గా వివరించారు. ఆ రాడ్‌ను బిగించి చేత్తో పట్టుకునే టార్చ్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం అది మెషిన్‌తో పాటే వస్తుందని ఒక్క ముక్క రాసి వదిలేశారు. నేను స్టెయిన్‌లెస్ పైపులు, పల్చటి రేకులు అతికే వెల్డర్‌ని. మా దగ్గర కొత్తగా చేరేవాళ్ళకు పని నేర్పేది కూడా నేనే. ఆ ఒక్క ముక్క దగ్గరే నాకు అభ్యంతరం. మెషిన్ ఒక మూల ఉంటుంది. షిఫ్టు మొదలైన దగ్గర్నుంచి అయిపోయేదాకా వెల్డర్ చేతిలో ఉండేది టార్చ్. అది పనికి తగ్గది కాకపోతే ఎంత మంచి మెషిన్ ఉన్నా అతుకు సరిగా రాదు, పైగా చెయ్యి పాడవుతుంది.

చాలా వర్క్‌షాపుల్లో టార్చ్ ఆర్డర్ పెట్టేవాళ్ళు వేరు, దాన్ని పట్టుకునేవాళ్ళు వేరు. పెద్దది తీసుకుంటే అన్ని పనులకూ సరిపోతుందని ఆర్డర్ పెట్టేవాళ్ళ లెక్క. నేను ఇదివరకు పనిచేసిన ఒకచోట ఇదే లెక్కతో అందరికీ 26 నంబరు టార్చ్‌లు తెప్పించారు. మేం అతికేది 1.2 మిల్లీమీటర్ల ఎస్.ఎస్. (స్టెయిన్‌లెస్ స్టీల్) రేకు. దానికి 50 ఆంప్స్ అటూ ఇటూగా చాలు. చేతిలో ఉన్నదేమో 200 ఆంప్స్ మోసే టార్చ్, వెనక దానికి తగ్గ లావుపాటి కేబుల్. సగం షిఫ్టు గడిచేసరికి మణికట్టు లాగేసేది. అంతకంటే పెద్ద ఇబ్బంది మూలల దగ్గర వచ్చేది. లోపలి మలుపులో ఆ టార్చ్ తల పట్టదు. దాంతో బాగా వాల్చి పట్టుకోవాలి. మరీ వాల్చితే ఆర్గాన్ ముందుకు పారిపోతుంది, వెనక పక్క నుంచి గాలి దూరుతుంది. వెండిలా మెరవాల్సిన బీడ్ (అతుకు గీత) బూడిద రంగుకు తిరిగేది. తనిఖీలో చివాట్లు వెల్డర్లకే పడేవి. కొన్నాళ్ళకు 9 నంబరు టార్చ్‌లు తెప్పించారు. అవే మెషిన్లు, అదే గ్యాస్, అవే చేతులు. మూలల్లో కూడా బీడ్ మెరవడం మొదలైంది.

ఈ నంబర్ల సంగతి తెలియక కొత్తవాళ్ళు తికమక పడతారు కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. టార్చ్ నంబరుకూ ఆంప్స్‌కూ లంకె లేదు. గాలికే చల్లబడే టార్చ్‌లలో 9 నంబరుది సుమారు 125 ఆంప్స్, 17 నంబరుది 150, 26 నంబరుది 200. నీళ్ళు తిరిగే వాటిలో 20 నంబరుది 250, 18 నంబరుది 350. అంటే 18 నంబరు టార్చ్ 26 కంటే చాలా ఎక్కువ మోస్తుంది. 20 నంబరుదైతే చూడ్డానికి 9 నంబరంత చిన్నదే, అయినా దానికి రెట్టింపు కరెంటు తట్టుకుంటుంది. లోపల తిరిగే నీళ్ళ వల్లే అది సాధ్యమవుతుంది. ఈ టార్చ్ పుట్టిన నాటి నుంచీ వేడితోనే పోరాటం. 1940ల మొదట్లో అమెరికాలోని నార్త్రాప్ విమానాల కంపెనీలో రస్సెల్ మెరెడిత్ మెగ్నీషియం అతకడానికి హీలియం వాయువుతో, టంగ్‌స్టన్ రాడ్‌తో టార్చ్ తయారుచేశారు. ఆంప్స్ పెంచేకొద్దీ టార్చ్ కాలిపోతుండడంతో నీళ్ళతో చల్లబరిచే టార్చ్‌లు వచ్చాయి.

టార్చ్ మీద 150 అని ఉంది కదా అని 150 దగ్గర పెట్టి అదేపనిగా అతుకుతూ పోతే కుదరదు. ఆ అంకె పక్కన డ్యూటీ సైకిల్ అని ఒక శాతం ఉంటుంది. 60 శాతం అంటే పది నిమిషాల్లో ఆరు నిమిషాలు ఆర్క్, నాలుగు నిమిషాలు విశ్రాంతి. కొన్ని టార్చ్‌ల మీద 35 శాతమే ఉంటుంది. అలాంటప్పుడు పది నిమిషాల్లో మూడున్నర నిమిషాలకు మించి ఆ ఆంప్స్ దగ్గర వాడకూడదు. ఆంప్స్ ఒకటే కదా, ఇది చవగ్గా వస్తోంది కదా అని మురిసిపోయే ముందు ఈ శాతం చూడాలి. ఇంకో సంగతి, ఆ ఆంప్స్ సాధారణంగా డీసీకి చెప్పినవి. అల్యూమినియం ఏసీ మీద అతుకుతాం. ఏసీలో టంగ్‌స్టన్ వైపు వేడి ఎక్కువ పడుతుంది కాబట్టి అదే టార్చ్ ఏసీలో అంత మోయలేదు. ఏసీ అంకె విడిగా ఇస్తారు, చాలాసార్లు అది మూడో వంతు దాకా తక్కువ ఉంటుంది. ఆరు మిల్లీమీటర్ల అల్యూమినియం పలకకు 200 ఆంప్స్ దాటిపోతుంది. దాన్ని గాలి టార్చ్‌తో అతకమని పురమాయిస్తే వెల్డర్ గ్లవ్ లోపల చెయ్యి కాలుతుంది, టార్చ్ హ్యాండిల్ మెత్తబడుతుంది. అలాంటి చోట నీళ్ళ టార్చ్ ఇవ్వకుండా పని చెయ్యమనడం అన్యాయం.

నీళ్ళ టార్చ్ ఇస్తే సరిపోదు, దాన్ని చూసుకోవడం కూడా నేర్పాలి. అందులో కరెంటు తీగ, నీళ్ళు వెనక్కి వచ్చే గొట్టం లోపలే ఉంటుంది. నీళ్ళు చుట్టూ పారుతూ చల్లబరుస్తాయన్న ధీమాతో ఆ రాగి తీగను సన్నగా పెడతారు. అందుకే ఆ కేబుల్ అంత తేలిగ్గా, మెత్తగా వంగుతుంది. నీళ్ళు తిప్పే కూలర్ ఆన్ చెయ్యడం మరిచిపోయి ఆర్క్ కొడితే కొద్దిసేపట్లోనే గొట్టం లోపలి నుంచి కాలిపోతుంది. నీళ్ళు ఆగితే ఆర్క్ ఆపేసే ఫ్లో స్విచ్ ఉన్న కూలర్ కాస్త ఖరీదైనా అదే తీసుకోవాలని నా అభిప్రాయం. కూలర్‌లో కుళాయి నీళ్ళు పోస్తే లోపల సున్నం పేరుకుంటుంది, నాచు పడుతుంది, సన్నటి దారులు మూసుకుపోతాయి. బండి రేడియేటర్‌లో పోసే కూలెంట్ కూడా వద్దు. కారే చోట్లను మూయడానికి కొన్నిటిలో కలిపే పదార్థాలు ఈ దారులను కూడా మూసేస్తాయి. టార్చ్ కంపెనీ చెప్పిన ద్రవమే పొయ్యాలి.

ఇక టార్చ్ తలలో బిగించే చిన్న సామాను. చాలామంది దీన్ని లెక్కచెయ్యరు గానీ అతుకు మంచి చెడ్డలు సగం ఇక్కడే తేలతాయి. 9, 20 నంబర్లకు ఒకే రకం కొల్లెట్లు (టంగ్‌స్టన్‌ని బిగించి పట్టేవి), కప్పులు (గ్యాస్ బయటికి వచ్చే మూతులు) పడతాయి. 17, 18, 26 నంబర్లకు ఇంకో రకం. రెండు రకాలూ ఒకే డబ్బాలో కలిపేస్తే పని మధ్యలో వెతుక్కోవడంతోనే సరిపోతుంది, విడివిడిగా పెట్టుకోవాలి. సిరామిక్ కప్పు మీద ఉండే అంకె అంగుళంలో పదహారో వంతుల లెక్క. 8 నంబరు కప్పు నోరు అర అంగుళం, 5 నంబరుది సుమారు 8 మిల్లీమీటర్లు. పెద్ద కప్పు పెడితే గ్యాస్ కప్పే మేర పెరుగుతుంది, గ్యాస్ కూడా దానికి తగ్గట్టు పెంచుకోవాలి. అలాగని చిన్న కప్పు పెట్టి, గ్యాస్ ఎంత పారుతోందో చూపే ఫ్లో మీటర్ పైకి తిప్పితే మేలు జరగదు. గ్యాస్ సుడులు తిరిగి చుట్టూ ఉన్న గాలిని లోపలికి లాక్కొస్తుంది. మామూలు సైజు కప్పుకు నిమిషానికి 7 నుంచి 10 లీటర్లు చాలు.

గ్యాస్ లెన్స్ గురించి నాకు గట్టి అభిప్రాయమే ఉంది. కొల్లెట్ కూర్చునే మామూలు కొల్లెట్ బాడీకి పక్కన నాలుగు చిల్లులుంటాయి, గ్యాస్ వాటిలోంచి చిమ్ముతుంది. దాని బదులు పెట్టే గ్యాస్ లెన్స్‌లో సన్నటి జాలీ పొరలు ఉంటాయి, వాటిలోంచి వచ్చేసరికి గ్యాస్ నెమ్మదించి నిటారుగా దిగుతుంది. దాంతో టంగ్‌స్టన్‌ని ఎక్కువ బయటికి లాగి పెట్టుకోవచ్చు, గాలి కదలని చోట అంగుళం దాకా కూడా. లోపలి మూలల్లో, పైపు రూట్‌లో (అతుకు అడుగు పొరలో) ఆ కాస్త అదనపు పొడవే పని గట్టెక్కిస్తుంది, పూల్ (కరిగిన లోహం) కంటికి ఎదురుగా కనిపిస్తుంది. ఎస్.ఎస్. అతికే ప్రతి టార్చ్‌కూ గ్యాస్ లెన్స్ ఉండాల్సిందే. ధర కాస్త ఎక్కువే, కరిగిన లోహపు తుంపరలు పడితే జాలీ పాడవుతుంది, మార్చాలి. తుప్పు, నూనె ఉన్న ఇనుము మీద దాన్ని తగలెయ్యకుండా మామూలు బాడీ వాడుకుంటే చాలు.

ఈ మధ్య మా దగ్గర చేరిన కుర్రాడి టార్చ్ సంగతి చెప్పాలి. అతుకు నిండా సూది మోపినట్టు చిల్లులు, టంగ్‌స్టన్ కొస నల్లగా, దాని పైన ఊదా రంగు. అతను గ్యాస్ పెంచాడు, టంగ్‌స్టన్ మళ్ళీ మళ్ళీ సానబెట్టాడు, సిలిండర్‌లోనే తేడా ఉందని తేల్చేశాడు. నేను టార్చ్ తీసుకుని బ్యాక్ క్యాప్ (టార్చ్ వెనక మూత) విప్పి చూపించాను. క్యాప్ అంచున ఉండాల్సిన రబ్బరు రింగు వేడికి గట్టిపడి ఒకచోట చీలిపోయి ఉంది. గ్యాస్ కిందికి దూసుకుపోయేటప్పుడు ఆ చీలికలోంచి గాలిని లాక్కుంటుంది. ఫ్లో మీటర్‌లో బాల్ ఎక్కడుండాలో అక్కడే నిలబడి ఉంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. కొత్త రింగు వేసి, క్యాప్ చేత్తోనే గట్టిగా బిగించి ఆర్క్ కొట్టాం. చిల్లులు పోయాయి. టంగ్‌స్టన్ రంగు మారితే సిలిండర్‌ని అనుమానించే ముందు క్యాప్ విప్పి చూడాలి. గ్యాస్ గొట్టం టార్చ్‌కు కలిసే చోట సబ్బు నురగ పూసి చూడటం కూడా అలవాటు చేసుకోవాలి. ఆర్క్ ఆపిన వెంటనే టార్చ్ పక్కకు తీయడం ఇంకో చెడ్డ అలవాటు. పోస్ట్ ఫ్లో (ఆర్క్ ఆగాక కూడా కాసేపు వచ్చే గ్యాస్) అయ్యేదాకా టార్చ్‌ని అతుకు మీదే ఉంచాలి. పది ఆంప్స్‌కు ఒక సెకను చొప్పున లెక్క వేసుకుంటే టంగ్‌స్టన్, అతుకు రెండూ మెరుస్తూ చల్లారతాయి.

పెద్ద టార్చ్‌లంటే నాకు పడదని అనుకోవద్దు. లావు పైపుల మీద కప్పు ఆనించి అటూ ఇటూ దొర్లిస్తూ అతికేటప్పుడు బరువంతా పైపే మోస్తుంది. అక్కడ 17, 26 నంబర్లు, పెద్ద కప్పు చేతికి నిలకడనిస్తాయి. అదే బరువును గాల్లో ఎత్తి పట్టుకుని పల్చటి రేకు అతకమంటేనే చిక్కు. మెడ వంగే టార్చ్ కూడా పైపుల మధ్య ఇరుకులో దేవుడిచ్చినట్టే ఉంటుంది. కానీ అదేపనిగా వంచుతూ ఉంటే మెడ దగ్గర పగిలి గ్యాస్ కారుతుంది. ఇరుకు ఇంకా ఎక్కువైతే పొట్టి బ్యాక్ క్యాప్ పెట్టి టంగ్‌స్టన్ ముక్క చేసుకోవాలి, లేదంటే పెన్సిల్‌లా నిటారుగా ఉండే టార్చ్ వాడాలి. చేతి దగ్గర గ్యాస్ వాల్వ్ ఉండే టార్చ్, గ్యాస్‌ను తనంతట తాను ఆపలేని మామూలు డీసీ మెషిన్లకు. దాంతో అల్యూమినియం జోలికి పోవద్దు, పని అయ్యాక వాల్వ్ కట్టెయ్యడం మరవద్దు. స్విచ్ సంగతికొస్తే, బల్ల దగ్గర కూర్చుని చేసే పనికి ఫుట్ పెడల్ హాయి. నిచ్చెన మీద, పైపుల కింద పడుకుని చేసే పనికి టార్చ్ మీద స్విచ్చే గతి.

ఇంకొకటి, నాలాంటి చిన్న చేతులున్న ఆడవాళ్ళు ఈ పనిలోకి ఇప్పుడిప్పుడే ఎక్కువగా వస్తున్నారు. లావు హ్యాండిల్‌ని పట్టుకోవడానికే సగం బలం పోతుంటే వేళ్ళతో కొసను నడిపే వీలుండదు. "అమ్మాయిలకు చెయ్యి నిలవదు" అని తేల్చేసే సూపర్‌వైజర్లు, ముందు వాళ్ళ చేతికి 9 నంబరు టార్చ్, మెత్తటి కేబుల్ ఇచ్చి చూడండి. మెషిన్‌తో ఊరికే వచ్చే కేబుల్ చాలాసార్లు కర్రలా బిగుసుకుని ఉంటుంది, చేతిని అదే లాగుతుంటుంది. వల అల్లికతో ఉండే మెత్తటి గొట్టాల కేబుల్ దొరుకుతుంది. దాన్ని మోచేతి మీదుగా వేసుకుంటే బరువు మణికట్టు మీద పడదు. మగవాళ్ళకు కూడా ఇదే వర్తిస్తుంది, వాళ్ళు నొప్పి బయటికి చెప్పరంతే.

అందుకే మీ పత్రికకు నా మనవి. ఆ వ్యాసానికి రెండో భాగం వేయండి. శిక్షణ కేంద్రాల్లో ఒకే రకం టార్చ్‌తో కోర్సు మొత్తం గడిపేస్తున్నారా, కనీసం ఒక చిన్న గాలి టార్చ్, ఒక నీళ్ళ టార్చ్ పిల్లల చేతికి ఇస్తున్నారా అని అడిగి రాయండి. ఆర్క్ కొట్టడం నేర్పే ముందే టార్చ్‌ని పూర్తిగా విప్పి, కొల్లెట్, కప్పు, క్యాప్, రబ్బరు రింగు చూసుకుని మళ్ళీ బిగించడం నేర్పుతున్నారేమో కనుక్కోండి. వర్క్‌షాపు యజమానులను కూడా అడగండి, టార్చ్ ఆర్డర్ పెట్టే ముందు దాన్ని పట్టుకునే మనిషిని ఒక్కమాట అడిగారా అని. వ్యాసం రాసేవారు ముందుగా ఏదైనా వర్క్‌షాపుకు వెళ్ళి, 26 నంబరు, 9 నంబరు టార్చ్‌లు రెండూ కేబుల్‌తో సహా కాసేపు చేత్తో ఎత్తి పట్టుకుని చూస్తే బాగుంటుంది.

ఇట్లు,
ఒక టిగ్ వెల్డర్