సంఘం వార్షిక నివేదిక: తీరాన తారు ముద్దలు, నీటిలో చేపగుడ్లు

సభ్యులందరికీ నమస్కారం.

సంక్రాంతి, ఉగాది, బతుకమ్మ ఎప్పట్లాగే ఘనంగా జరిగాయి. ఫొటోలు మీ అందరి ఫోన్లలో ఉన్నాయి, జమాఖర్చుల పట్టిక విడిగా జతచేశాం. అందుకే ఈసారి టెక్సస్‌లోని గాల్వెస్టన్ బీచ్ శుభ్రం చేసిన రోజు గురించి, దాని తర్వాత జరిగిన చర్చల గురించే ఎక్కువ రాస్తున్నాను.

ఆ రోజు ఇసుకలో ఆడుకుంటున్న ఓ పాప అరికాలికి నల్లగా, జిగటగా ఏదో అంటుకుంది. సబ్బుతో రుద్దినా పోలేదు. కొబ్బరినూనె రాసి పాత గుడ్డతో తుడిస్తే అప్పుడు వదిలింది. అది తారు ముద్ద. పైన ఇసుక పట్టి గట్టిగా ఉంది, విరిస్తే లోపల ఇంకా మెత్తగానే ఉంది. గల్ఫ్ ఆఫ్ మెక్సికో అడుగు నుంచి ముడిచమురు సహజంగానే ఊరుతుంటుంది కాబట్టి ప్రతి ముద్దనూ ప్రమాదాల ఖాతాలో వేయలేం. కానీ "ఎండిపోయిన నూనె ఇంకేం చేస్తుంది?" అని చాలామంది అడిగారు. నేనూ అలాగే అనుకునేదాన్ని. అందుకే మూడు ఆదివారాలు ఈ విషయానికే కేటాయించాం.

చమురు నీళ్ళలో పడగానే బెంజీన్ లాంటి తేలిక భాగాలు ఆవిరైపోతాయి, ఘాటు వాసన తగ్గుతుంది. మనం ప్రమాదం తప్పిందనుకుంటాం. మిగిలిన ముదిరిన చమురులో మూడు వలయాల హైడ్రోకార్బన్ల (మూడు కార్బన్ వలయాలు కలిసిన, అంత త్వరగా ఆవిరి కాని రసాయనాల) పాలు పెరుగుతుంది. చేపపిల్లల గుండెను దెబ్బతీసేవి ముఖ్యంగా ఇవే.

2010 ఏప్రిల్ 20న లూసియానా దగ్గరి సముద్రంలో డీప్‌వాటర్ హొరైజన్ అనే చమురు బావి తవ్వే వేదిక పేలి 11 మంది కార్మికులు చనిపోయారు. బావి నుంచి 87 రోజుల పాటు చమురు పొంగింది. సరిగ్గా ఆ నెలల్లోనే బ్లూఫిన్ ట్యూనా గల్ఫ్‌లో గుడ్లు పెడుతుంది, ఆ గుడ్లు నీటి పైపొరలోనే తేలుతుంటాయి. ఆ చమురు తగిలితే పిండం గుండె చుట్టూ నీరు చేరుతుందని, గుండె లయ తప్పుతుందని 2014లో వచ్చిన పరిశోధనలు చూపించాయి. చేపపిల్లల ఒళ్ళు పారదర్శకంగా ఉంటుంది కాబట్టి, లోపలికి చేరిన చమురు మీద ఎండ పడితే విషం ఇంకా పెరుగుతుంది.

ఉప్పాడలో వేట మీద బతికిన కుటుంబం నుంచి వచ్చిన ఒక పెద్దాయన రెండో ఆదివారం అడిగిన ప్రశ్న నన్ను వదల్లేదు. "చేప చచ్చి తేలితే కదమ్మా మాకు తెలిసేది. గుడ్డులోనే పోతే ఎవరు లెక్కేస్తారు?"

దీనికి జవాబు అలాస్కాలో కొంత దొరికింది. 1989 మార్చి 24న ఎక్సాన్ వాల్డెజ్ ఓడ నుంచి సుమారు 4 కోట్ల లీటర్ల చమురు ఒలికింది. పింక్ సాల్మన్ గుడ్లు పెట్టే వాగుల ముఖద్వారాల్లో గులకరాళ్ళ కింద ఏళ్ళ తరబడి నిలిచిపోయింది. బాగా ముదిరిన చమురు నుంచి వచ్చిన ఆ హైడ్రోకార్బన్లు నూరు కోట్ల వంతుల నీటిలో ఒక వంతు స్థాయిలో ఉన్నా గుడ్లు ఎక్కువగా చనిపోయాయని ల్యాబులో తేలింది. గుడ్డు దశలో చమురు సోకి, పైకి ఆరోగ్యంగా కనిపించిన చేపపిల్లల్ని సముద్రంలో వదిలితే తిరిగొచ్చినవి మామూలు వాటికన్నా తక్కువ. పెద్దాయనకి ఇది చెబితే చాలాసేపు మాట్లాడలేదు.

2010 నాటి చమురు చేరిన లూసియానా బరటారియా బేలో (అక్కడి సముద్రపు పాయలో) డాల్ఫిన్ల ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయి. గర్భంతో ఉన్నవాటిలో బతికే పిల్లను కన్నవి ఐదింట ఒకటే. ఆ స్లైడు దగ్గర పిల్లలు చాలా ప్రశ్నలు వేశారు, అన్నిటికీ జవాబివ్వలేకపోయాం. వచ్చే ఏడాది సముద్ర జీవశాస్త్రం తెలిసినవారిని పిలుస్తాం.

బీచ్ రోజు మళ్ళీ వసంతంలోనే ఉంటుంది. చేతి తొడుగులు సంఘమే ఇస్తుంది. తారు ముద్దల్ని ఇసుకలో పూడ్చకుండా విడి సంచిలో వేయండి. ఇంటి నుంచి ఓ చిన్న సీసాలో కొబ్బరినూనె, ఒక పాత గుడ్డ తెచ్చుకోండి.