తొలి ఆల్బమ్‌కు సమీక్ష ఏది?

సంపాదకునికి,

ఆర్యా,

విశాఖ యువకుల రాక్ బృందం ఒకటి సొంత ఖర్చుతో తన తొలి స్టూడియో ఆల్బమ్‌ను ఇటీవల విడుదల చేసింది. సినిమా పాట వస్తే పోస్టరుతో సహా అచ్చువేసే మీ నగర అనుబంధంలో దీని ఊసే లేదు.

ఆర్కే బీచ్‌లో జనం ముందు పాడటం వేరు, స్టూడియోలో రికార్డు చేయడం వేరు. ఒక్క డ్రమ్స్‌కే కిక్, స్నేర్, టామ్ అనే వేరువేరు డ్రమ్ములకు విడివిడిగా, సింబల్స్ అనే లోహపు తాళాలకు పైనుంచి మరికొన్ని మైకులు అమర్చి, చెవిలో లయ చూపే టిక్ టిక్ చప్పుడు (క్లిక్ ట్రాక్) వింటూ లయ తప్పకుండా వాయించాలి. ఆపైన గిటార్లు, గాత్రం వేరువేరు ట్రాకులుగా చేరి, వాటన్నిటినీ సమతూకంగా కలిపే మిక్సింగ్, చివరి మెరుగులు దిద్దే మాస్టరింగ్ పూర్తయితే గాని పాట బయటికి రాదు. సినిమాలో ఈ ఖర్చు నిర్మాతది, ఇక్కడ వాయించేవారిదే. (ఉప్పుగాలికి తుప్పుపట్టే గిటారు తీగల ఖర్చు అదనం.)

ఆల్బమ్‌లో లోపాలు లేకపోలేదు. రెండు మూడు పాటల్లో గిటార్ల హోరులో సాహిత్యం మునిగిపోయింది. ఉత్తరాంధ్ర యాసలో సాగిన పాటలో మాత్రం ప్రతి మాటా స్పష్టంగా వినిపించింది, నా మటుకు అదే ఆల్బమ్‌కు ప్రాణం. కేరళ బృందం అవియల్ 2008లో తన తొలి రాక్ ఆల్బమ్‌ను మలయాళంలోనే తెచ్చి దేశమంతటా శ్రోతలను సంపాదించుకుంది కనుక, ప్రాంతీయ భాషలో పాడే రాక్‌కు శ్రోతలు దొరకరనే వాదన చెల్లదు.

పొగడ్తలు అక్కరలేదు. మంచిచెడ్డలు తూచి చెప్పే సమీక్షకు, సినిమాయేతర సంగీతం కోసం, వారానికొకసారి పావు పేజీ కేటాయించవలసిందిగా కోరుతున్నాను.

— ఒక పాఠకుడు, సీతమ్మధార, విశాఖపట్నం