కాలనీ సంక్షేమ సంఘం వార్షిక నివేదిక, 2024–25: పిల్లల చదువు

సభ్యులకు నమస్కారం. వీధి దీపాలు, డ్రైనేజీ, బోరు మరమ్మతుల జమాఖర్చులు జతచేసిన పట్టికలో ఉన్నాయి. ఈ ఏడాది కార్యవర్గం ఎక్కువగా తలమునకలైంది పిల్లల చదువుతో కాబట్టి దాని గురించే రాస్తున్నాం.

కమ్యూనిటీ హాలు మేడ మీది గదిని సాయంత్రాలు చదువుకోవడానికి తెరిచాం. ట్యూషన్ కాదు, పాఠాలు చెప్పేవారు లేరు. బల్లలు, మంచి వెలుతురు, వంతులవారీగా వచ్చి కూర్చునే ఒక పెద్దమనిషి, అంతే. సెల్లారులో ఒకే గదిలో కాపురముండే వాచ్‌మన్ కుటుంబాల పిల్లలు ముందుగా వచ్చారు. ఇంట్లో టీవీ మోత పడలేక సొంత గదులున్న పిల్లలూ తర్వాత వారితో కలిశారు. ఒక తల్లికి అక్షరాలు రావు. అయినా కూతురి నోటుపుస్తకం తిరగేసి, ఎర్రసిరా ఉన్నచోట వేలు పెట్టి, "ఇదెందుకు కొట్టేశారు?" అని అడుగుతుంది. ఫీజు కట్టాం, ఇక బడి చూసుకుంటుందిలే అనుకునే మనలో ఎందరం ఆ మాత్రం చేస్తున్నాం?

చిన్న తరగతుల వారికి ప్రత్యేక సమయం ఎందుకని కొందరు అడిగారు. 1994–98 మధ్య అమెరికా ప్రభుత్వం ఐదు నగరాల్లో పేద కుటుంబాలకు అద్దె సాయం చేసి, పేదరికం తక్కువున్న పేటలకు మారే వీలు కల్పించింది. పదమూడేళ్లు నిండకముందే మారిన పిల్లల్లో కాలేజీ చదువులూ, పెద్దయ్యాక సంపాదనా పెరిగాయని 2015లో ఆర్థికవేత్త రాజ్ చెట్టి బృందం తేల్చింది. ఆ వయసు దాటి మారినవారికి ఆ లాభం దక్కలేదు. పదో తరగతిలో మేలుకుంటే ఆలస్యమని మా ఉద్దేశం.

విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రభుత్వ బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి. మన పక్క బడిలో ఆ సమావేశం పొద్దున పూట పెడతారు. మన ఇళ్లలో పనిచేసే తల్లులు అప్పుడే మన గిన్నెలు తోముతుంటారు. ఆ పూట సెలవివ్వమని కోరితే కొద్దిమంది సభ్యులే ఒప్పుకున్నారు.

ఇక హాలు సంగతి. రాత్రి 10 దాటాక ఆరుబయట మైకు పెట్టకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు చెబుతున్నాయి. పిల్లలు చదివేది అంతకు ముందే. అందుకే పరీక్షలు జరిగే మార్చి నెలంతా సాయంత్రాలు హాలులో మైకు, డీజే వద్దని ప్రతిపాదిస్తున్నాం. అద్దె రాబడి తగ్గుతుందని కోశాధికారి రాతపూర్వకంగా అభ్యంతరం తెలిపారు. దాన్నీ జతచేశాం, సర్వసభ్య సమావేశంలో ఓటింగ్ ఉంటుంది.