మన ఫ్లైట్ సిమ్యులేటర్‌లో సెస్నా బరువు ఇన్నాళ్లూ తప్పుగా ఉంది, సరిచేశాను

అందరికీ నమస్కారం. సోమవారం నుంచి మన సిమ్యులేటర్‌లో సెస్నా 172 అనే చిన్న విమానం ఎక్కిన వాళ్లకు ముక్కు బరువెక్కినట్టు అనిపిస్తుంది. యోక్, అంటే చేతిలో పట్టుకుని నడిపే స్టీరింగ్, పాడైందనుకోవద్దు. ఇన్నాళ్లూ ఉన్నదే తప్పు. ఐదు నెలలుగా మీ చేత డబ్బులు తీసుకుని ఆ తప్పే నేర్పించాను.

మన దగ్గర నలభై గంటలు కూర్చుని పైలట్ ట్రైనింగ్‌కు పోయిన తమ్ముడొకడు పోయిన నెల ఫోన్ చేశాడు. "అన్నా, దిగేటప్పుడు ముక్కు లేపాలంటే ఇక్కడ యోక్‌ను బాగా వెనక్కి లాగాల్సొస్తోంది, మన కాడ కొంచెం లాగితే లేచేది కదా" అన్నాడు. ఆ రాత్రే షట్టర్ దించి సిమ్యులేటర్‌లో ఎక్కడెంత బరువుందో చూపించే లోడింగ్ పేజీ తెరిచాను. ముందు ఒక్కరే, వెనక సీట్లు రెండూ నిండుగా, లగేజీలో 120 పౌండ్లు. సీజీ, అంటే విమానం బరువంతా తూగే చోటు, ఇంజిన్ వెనక గోడ నుంచి కొలిస్తే 47 అంగుళాల దగ్గరుంది. మన మోడల్ 172ఎస్‌కు వెనక హద్దు 47.3. మీరూ నేర్పేవాడూ ఇద్దరే ముందు కూర్చుంటే 41 దగ్గర్లో ఉండాలి.

ఉల్లి బస్తాలన్నీ బండికి వెనకే వేస్తే కాడి ఎద్దుల మెడ మీద నిలవదు, పైకి లేస్తుంది. ఇదీ అంతే. ముక్కు ఇట్టే లేస్తుంది గానీ లేచింది నిలకడగా ఉండదు, స్టాల్ అయితే, అంటే రెక్కలు విమానాన్ని మోయలేకపోతే, ముక్కు దించడం కష్టం.

సెట్టప్ చేసిచ్చిన సప్లయర్‌ను నిలదీశాను. "ఈజీగా లేస్తే కస్టమర్లు ఖుషీ అవుతారని అట్లా పెట్టాం, కర్నూలుకు ఇది చాలు సార్" అన్నాడు. ఆ మాట ఇంకా గుచ్చుతూనే ఉంది. మన కర్నూలు ఎయిర్‌పోర్ట్ ఓర్వకల్లులో 2021 నుంచి విమానాలు దిగుతున్నాయి, ఇక్కడి పిల్లలకు సగం నిజం ఎందుకు చాలుతుంది? వాడితో లెక్క తేల్చుకుని పంపేశాను.

బరువు సరిచేసిన ఫైల్ పెట్టిన తరువాతే అసలు టెన్షన్. ఆదివారం సరదాగా వచ్చే చిన్నపిల్లలకు పాత ఫైలే ఉంచుదామని ఇంట్లో అన్నారు, అందులో న్యాయం ఉంది, ఆదివారం కలెక్షన్‌తోనే అద్దె కడుతున్నా. మూడు రాత్రులు నిద్ర పట్టలేదు. నాలుగో రోజు ఆ ఫైల్ తీసేశాను. రెండూ ఉంటే ఏదో ఒకరోజు తొందరలో నేనే తప్పుది లోడ్ చేస్తాను. ఆదివారం జనం తగ్గితే తగ్గనీ.

ఇప్పుడు ట్రిమ్, అంటే ముక్కును పట్టిన చోటే నిలిపి చేతికి శ్రమ తగ్గించే చక్రం, ఎక్కువ వాడాలి. ముందు యోక్‌తో ముక్కును కావలసిన చోట పట్టుకోండి, తర్వాత ట్రిమ్ చక్రాన్ని కొంచెం కొంచెంగా కిందికి తిప్పుతూ చెయ్యి వదులు చేయండి. నిజం విమానంలో అయితే ట్రిమ్ తిప్పేకొద్దీ చేతి మీద బరువు తగ్గిపోతుంది, మన యోక్‌లో ఉన్నది స్ప్రింగే కాబట్టి ఆ తేడా చేతికి తెలియదు, ముక్కును చూసుకుంటూ వదలాలి.

ఈ ఐదు నెలల్లో పది గంటలు దాటిన వాళ్లకు రెండు గంటలు ఉచితం. రిజిస్టర్‌లో మీ పేరు పక్కనే రాసిపెట్టాను, వచ్చి అడగాల్సిన పని లేదు.